ఒకటో మెట్టు

గవర్నరుపేటలో నా కొట్టు వెడల్పు ఆరడుగులు.
పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు,
బుడమేరు నీళ్ళు తాగి మాటపోయిన ఫోన్లు,
నా చేతికొచ్చేవి ఇవి.

పరంజ్యోతి గారు మాత్రం
కళ్ళజోడు డబ్బాలో దూది పరిచి
రైలింజన్ని తెచ్చారు.
నా చూపుడువేలంత.
పట్టాల మధ్య ఎడం తొమ్మిది మిల్లీమీటర్లట.
పుట్టింది జర్మనీలో,
రంగు పడింది సత్యనారాయణపురంలో,
ఇటుక ఎరుపు మీద పసుపు గీత.
ఆ గీత ఒకచోట వణికింది.
నేను చూశానని ఆయన చూశారు.

"మస్తాన్‌బీ, దీనికి చెవులు పెట్టాలమ్మా."

ఇప్పటిదాకా దీని బతుకు ఇదట:
పట్టాల్లో కరెంటు వదిలితే
మీదున్న ఇంజన్లన్నీ ఒక్కసారే లేచి ఉరకడం,
అన్నం గంట మోగిన హాస్టల్లా.
కొత్త పద్ధతిలో పట్టాలకి నిద్ర లేదు.
కరెంటు ఎప్పుడూ ఉంటుంది, అందులోనే కబురూ పోతుంటుంది.
నంబరు పిలిచినది కదలాలి,
తక్కినవి విని ఊరుకోవాలి.
"మా యార్డూ అంతే. మైకు అందరికీ వినపడేది,
కాళ్ళు ఒకరివే లేచేవి."
ముప్పై రెండేళ్ళు పెట్టెల మధ్య నిలబడి
షంటింగు చేసిన మనిషి.

పై డొప్ప ఊడదీశాను. లోపల చోటు లేదు.
జింకు ముద్ద, రెండు చెక్కలు.
ఎడమ చెక్క ఎడమ పట్టాది, కుడిది కుడి పట్టాది.
నడుమ మోటారు,
ఇద్దరి చేతులూ పట్టుకు నడిచే పసిదానిలా.
ఆ రెండు చేతులూ విడిపించాలి.
మాట ముందు డీకోడరు వినాలి,
అది చెబితేనే మోటారు తిరగాలి.

సిమ్ కార్డులో సగం ఉంటుంది డీకోడరు.
దాని చోటు కోసం రెండు మధ్యాహ్నాలు
చెక్కల్ని ఆకురాయితో అరగదీశాను.
పొడి నా ముక్కుపుడక మీద వాలింది.
ఎరుపు కుడి పట్టాకి, నలుపు ఎడమకి,
నారింజా బూడిదా మోటారుకి,
ఊపిరి వదిలితే చెదిరే తీగలు.

మొదటిది కాలిపోయింది.
కింది బ్రష్షు చెక్కని తాకుతోందని చూసుకోలేదు.
సన్నటి పొగ. రెండు వేల ఎనిమిది వందలు.
నేను నోరు తెరిచేలోగా ఆయనే,
"పొగ వచ్చిందిగా, ఇప్పుడిది ఇంజనే" అన్నారు.
రెండోది నా డబ్బుతో తెప్పించాను.
చెప్పలేదు. తెలిసే ఉంటుంది.

ఈసారి పసుపు టేపు అతికించి
మీటరు పెట్టి నాలుగుసార్లు చూశాను.
మీటరు కూయలేదు. కూయకపోవడమే కావాలి.

"నంబరేం పెట్టమంటారు?"
బిళ్ళ నంబరు చెబుతారనుకున్నాను,
లేదా ఏ పాత ఇంజనుదో.
"ఫ్యాక్టరీవాడు ఏం పెట్టాడు?"
"మూడు."
"ఉంచెయ్. పెట్టిన పేరు మార్చకు."

చార్జర్లు పక్కకి జరిపి
కౌంటరు మీద బారెడు పట్టా పరిచాం.
ఆ కొసన ఒకే పెట్టె.
ఒంట్లో ముద్ద అరిగింది కదా,
ఎనిమిది పెట్టెలు లాగేది ఇక ఆరే లాగుతుందేమో అన్నాను.
"వయసు" అన్నారు.

నూట ఇరవై ఆరు మెట్లలో ఒకటో మెట్టు.
కదల్లేదనుకున్నాం.
వెనకున్న రీచార్జి స్టిక్కరు మీద
అక్షరాలు ఒక్కొక్కటే కనుమరుగవుతుంటే తెలిసింది.
నా కళ్ళు ఫోను తెర మీద, వేలు మీట మీద.
"అది చూడకు. నన్ను చూడు."

కుడిచెయ్యి భుజందాకా లేచింది.
అరచెయ్యి పైకి, కిందికి.
అందులో సైగ ఏదో, వణుకు ఏదో
నాకెలా తెలుస్తుంది?
అన్నిటికీ లోబడ్డాను.
ఇంజను కాస్త ఆగింది, పాకింది, ఆగింది,
అంగుళం, అరంగుళం,
బియ్యపు గింజంత ఎడం,
చెయ్యి పిడికిలయింది.

పెట్టె ఉలిక్కిపడలేదు.
ఆయన వంగి, చెవి దగ్గరగా పెట్టి,
"లోపలివాళ్ళ టీ తొణకలేదు" అన్నారు.